నర్సింగం అమ్మిన నోటుబుక్కు

నర్సింగానికి కళ్లు మసకబారాయన్న మాట నేను నమ్మాను. షుగరొచ్చింది తమ్మీ, కంప్యూటర్ల అక్షరాలు చీమల లెక్క పాకుతున్నయి, ఇగ నాతోని కాదు, అన్నాడు. నేను నమ్మి లక్షా ఇరవై వేలు ఆయన చేతిలో పెట్టాను. అదే నర్సింగం పోయిన వారం మా పొలం గట్టు మీద నిలబడి, అవతలి మూలన గడ్డిలో కూరుకుపోయిన హద్దురాయి జానెడు లోపలికి జరిగిందని ఇవతలి నుంచే కనిపెట్టాడు. కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి. నేను ఆ జేబు వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు అనాల్సినవన్నీ ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చుని, నోరు తెరవకుండా అంటున్నాను.

తహసీల్దారు ఆఫీసు వరండాలో ఈ బెంచీకి ఒక కాలు పొట్టి. నేను కదిలితే ఆ చివర నా భార్య యశోద ఊగుతుంది, ఆమె కదిలితే నేను. నాతో మాట్లాడి రెండు రోజులైంది, కాబట్టి మా మధ్య నడుస్తున్న ముచ్చట ఈ ఊగడం ఒక్కటే. ఇద్దరి నడుమ ప్లాస్టిక్ సంచి, అందులో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, పొద్దున ఆమె కట్టిన జొన్న రొట్టెలు. మాట్లాడదు గానీ రొట్టెలు కడుతుంది. గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. పన్నెండింటికి మా స్లాటు. అప్పటికి నర్సింగం కూతురు రజని డబ్బుతో వస్తే, నేను వేలు పెట్టి ముద్ర వేస్తే, నా భూమి ఆమెది అవుతుంది. కొనేది రజని అంటారు, కాగితం మీద కూడా రజనే ఉంటుంది, కానీ గట్టు మీద నిలబడి హద్దురాళ్లు లెక్కపెట్టింది ఎవడు? మృగశిర దాటి వారమైంది, చినుకు లేదు, మెదక్ మొత్తం పెనం మీద పెట్టినట్టుంది. చర్చి వైపు నుంచి వచ్చే ఆటోలు కూడా నోళ్లు మూసుకుని పోతున్నాయి. ఇలాంటి ఎండలో భూమి కొనేవాడికి అది పగుళ్లు తేలిన మట్టిలా కనిపిస్తుంది, ఎకరంలో నలభయ్యో వంతైన గుంటకు రెండు వేలు తగ్గించు అంటాడు, నర్సింగం అన్నాడు, నేను తగ్గించాను.

ఎవరో రైతు మా ముందు నుంచి పోయాడు. చేతుల నిండా విత్తనాలకు పట్టించే మందు వాసన. ఆ వాసన తగిలితే చాలు, నేను ఏ కుర్చీలో కూర్చున్నా నా చెయ్యి బిల్లుబుక్కు కోసం తడుముకుంటుంది. ఇరవై రెండేళ్లు ఆ వాసనలోనే బతికాను. ఏడో తరగతిలో రెండుసార్లు తప్పి, మూడోసారి బడి గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, ఇరవై మూడేళ్లు వచ్చేదాకా పొలంలోనే ఉన్న వాడిని సేటు తన విత్తనాల దుకాణంలో గుమాస్తాగా పెట్టుకున్నాడు. ఇంగ్లీషు నాకు అక్షరాలుగా వచ్చు, మాటలుగా రాదు. అయినా ఏ బస్తాలో ఏముందో చెప్పడానికి నాకు ఇంగ్లీషు అక్కర లేకపోయింది, నంబర్లు చాలు. వెయ్యి పది అంటే ఎన్ని రోజుల పంట, ఐదు వేల రెండు వందల నాలుగు ఏ నేలలో పడుతుంది, నిద్రలో అడిగినా చెప్పేవాడిని. సేటు పోయాక కొడుకులు దుకాణం అమ్ముకున్నారు, కొన్నవాడు కంప్యూటరు తెచ్చాడు, కంప్యూటరుతో పాటు దాన్ని కొట్టేవాడినీ తెచ్చాడు. నలభై ఐదేళ్ల వయసులో, చేతిలో లక్షన్నర పెట్టుకుని, రోడ్డు మీద నిలబడ్డాను. అప్పుడు తగిలాడు నర్సింగం.

పాతికేళ్లుగా టీచర్లకు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఆదాయ పన్ను రిటర్నులు వేసే మనిషి. మెదక్‌లో జీతం రాళ్లు తీసుకునేవాడెవడైనా జులైలో ఒకసారి నర్సింగం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. సగం మంది టీచర్లను నీకిస్త తమ్మీ, యాభై రెండు మంది, రెడీమేడు గిరాకి, ఏటా ఊకె వస్తరు, నువ్వు కుర్చీల కూసుంటె చాలు, అన్నాడు. చదువు లేదు కదా సారూ, అన్నాను. నవ్వాడు. చదువు వాళ్లకున్నది గదా, నీకెందుకు? లక్షా ఇరవై వేలకు నాకు ఒక కుర్చీ, ఒక పాత కంప్యూటరు, ఒక నోటుబుక్కు ఇచ్చాడు. నీలం అట్ట నోటుబుక్కు. అందులో యాభై రెండు పేర్లు, పాన్ నంబర్లు, పాస్‌వర్డులు. పాస్‌వర్డు అందరికీ ఒకటే. నర్సింగం పేరు, పక్కన ఒక గుర్తు, ఒకటి రెండు మూడు. హెడ్మాస్టర్లు, డబుల్ పీజీలు, పిల్లలకు మర్యాద నేర్పే పంతుళ్లు, వాళ్ల సొంత లెక్కల తలుపు నర్సింగం పేరుతో తెరుచుకుంటుంది, వాళ్లలో ఒక్కరికి కూడా ఆ సంగతి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. దుకాణం తెరిచిన రోజు దండ వేయించుకుని, లడ్డూలు తిని, నా కుర్చీలో నాకంటే ముందు కూర్చున్నాడు. మంచిగున్నదిరా కుర్చీ, అమ్మకపోయినా బాగుండె, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా దవడ నొస్తుంది.

యశోద కొంగుతో ముఖం తుడుచుకుంది. బెంచీ నా వైపు వంగింది.

పని నేర్చుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. నర్సింగం నేర్పింది ఒక్కటే మాట. పోయిన సంవత్సరం ఏమున్నదో అదే దించు. జీతం ఒక్కటి మారుస్తే చాలు, మిగిలినవి కదిలించకు. నేను సెక్షన్లను విత్తనాల నంబర్లలా పట్టుకున్నాను. ఎనభై సి ఒక బస్తా, ఎనభై డి ఒక బస్తా, ఎనభై డిడిబి ఒక బస్తా, ఏ బస్తా ఎక్కడ వేస్తే ఎంత రీఫండ్ పడుతుందో నెల తిరిగేసరికి కంప్యూటరు లెక్క వేయకముందే చెప్పగలిగాను. రీఫండ్‌లో పది శాతం నాది. ఆ డిడిబి అనే బస్తాలో ఏముందో అడగాలన్న ఆలోచన ముందు నాకు రాలేదు. ఒకరోజు సందులో జిరాక్సు మిషను నడిపే ఇషిత అనే అమ్మాయి నా తెర వైపు చూసి, అంకుల్, అందరి ఇంట్ల పెద్ద రోగాలే ఉన్నయేంది, అంది. పెద్ద రోగాల వైద్యం ఖర్చట ఆ బస్తా. నోటుబుక్కు తీసి మళ్లీ మొదటి నుంచి చూశాను. యాభై రెండు మందిలో నలభై మంది తల్లులు మంచాన ఉన్నారు. కొందరికి మూత్రపిండాలు, కొందరికి క్యాన్సరు. నర్సింగం నాలుగేళ్లుగా వాళ్లకు వైద్యం చేయిస్తున్నాడు, ఒక్క దవాఖానా కాగితం లేకుండా. ఒక్క తల్లీ కోలుకోలేదు, ఒక్క తల్లీ చనిపోలేదు. నేను మంచివాడినని ఎవరూ అనుకోవద్దు. తెలిసిన తర్వాత కూడా దించాను. అప్పటికి ఇంకా వేయకుండా మిగిలిన ఇరవై మూడు మందివీ అలాగే దించాను. పది శాతం కదా. కిరాయి కట్టాలి కదా.

నేను చేసిన పిచ్చి పని వేరే ఉంది. విత్తనాల దుకాణంలో బిల్లు రాసిచ్చాక రైతు కదిలేవాడు కాదు. కాగితం తిప్పి నా ముందు పెట్టేవాడు. వెనక రాయాలి, మొలక తేడా వస్తే బాధ్యత మాది అని, కింద సంతకం. అది రాయని దుకాణంలో మా రైతులు గింజ ముట్టరు. రెండు సార్లు మొలక రాలేదు, రెండు సార్లూ సేటు తిట్టుకుంటూ బస్తాలు వాపసు ఇచ్చాడు, ఆ రెండు సార్ల వల్లే మిగిలిన ఇరవై ఏళ్లు మా దుకాణం ముందు వరుస తగ్గలేదు. ఇరవై రెండేళ్లలో ఎన్ని వేల బిల్లులు తిప్పి రాశానో. చేతికి అలవాటైపోయింది. టీచర్లు ఫీజు ఇచ్చినప్పుడు రశీదు రాశాను, రశీదు తిప్పాను, వెనక రాశాను: ఏ తేడా వచ్చినా పూర్తి బాధ్యత నాది. కింద ఎల్లం అని సంతకం. వాళ్లు అడగలేదు. ఒక్కరు కూడా అడగలేదు. రాసి ఇస్తుంటే వాళ్ల ముఖాలు విచ్చుకోవడం చూసి నాకు నేనే ముద్దొచ్చాను, నర్సింగం పాతికేళ్లలో ఒక్కరికి రశీదు కూడా ఇవ్వలేదు, నేను సంతకం చేసి ఇస్తున్నాను, నేను వాడికంటే మేలు అనుకున్నాను. పూర్తి అన్న మాట ఎందుకు రాశాను? సేటు దుకాణంలో అది లేదు. నా సొంత తెలివి.

గడియారం పదకొండున్నర. లోపల ఎవరి పేరో పిలిచారు, ఒక ముసలాయన లేచి చెప్పులు విడిచి లోపలికి పోయాడు. చెప్పులు అక్కర్లేదయ్యా, వేసుకుని పోవచ్చు, నీ భూమి నువ్వు ఇచ్చుకుంటున్నావు, దేవుడి దర్శనమా ఇది.

నా కడుపు మండేది ఆ ఫోను నంబరు తలుచుకున్నప్పుడు. యాభై రెండు మంది ఖాతాల్లోనూ ఉన్నది నర్సింగం నంబరు. మారుద్దామంటే ముందు ఆ పాత నంబరుకే కోడ్ వస్తుంది. ఫోన్ చేస్తే, బండి మీదున్న తమ్మీ, రేపు చెప్త. రేపు చేస్తే, అయ్యో నిన్న చెప్పినవా, మర్చిపోయిన. చిట్టచివరికి నేనే విసిగి వదిలేశాను, దించడానికి పాస్‌వర్డు చాలు కదా అని. పోయిన డిసెంబరులో ఆదాయ పన్నువాళ్లు ఆ నంబరుకు మెసేజీలు పంపారు. పదకొండు మంది పేర్ల మీద పదకొండు. మీరు చూపిన ఖర్చులు అనుమానంగా ఉన్నాయి, మార్చి లోపల సరిచేసుకుని కట్టండి, తర్వాతైతే పన్ను మీద కట్టాల్సిన అదనం రెట్టింపు అని. కళ్లు కనబడని నర్సింగం వాటిని చదివాడు. తన దగ్గర ఉంచుకున్న వాళ్లకు వచ్చిన మెసేజీలు కూడా చదివాడు, వాళ్లవి మాత్రం జనవరిలోనే చప్పుడు కాకుండా సరిచేయించాడు, వాళ్ల డబ్బుతోనే. నావి పదకొండూ అలాగే ఉంచాడు. మేలో కాగితాలు ఇళ్లకు వచ్చినప్పుడు పోయి అడిగితే ఏమన్నాడు? నువ్వు చూసుకుంటున్నవేమో అనుకున్న. కుర్చీల ఉన్నోడు చూసుకోవాలె గదా.

మొదట వచ్చింది ప్రిస్కిల్లా టీచర్. ముప్పై ఏళ్ల సర్వీసు, వచ్చే ఏడు రిటైర్‌మెంటు, గొంతు విప్పితే మూడు క్లాసు రూములకు వినిపిస్తుంది. కాగితం బల్ల మీద పెట్టి, నిలబడే మాట్లాడింది.

“ఎల్లం, మా అమ్మ ఎప్పుడు చచ్చిపోయింది?”

“నాకు తెల్వది మేడం.”

“ఆరేండ్లైంది. సమాధి నేనే కట్టించిన, ఆదివారం ఆదివారం పోతున్న. నువ్వేమో పోయినేడు ఆమెకు మూత్రపిండాలు ఖరాబు చేసినవ్. దవాఖానల పండబెట్టి లక్ష రూపాలు ఖర్చు పెట్టిచ్చినవ్. ఎవలను అడిగినవ్? నన్ను అడిగినవా, మా అమ్మను అడిగినవా?”

“అవి నర్సింగం సార్ రాసినయి మేడం. నేను దించిన గంతే.”

“దించినవా.” పర్సులోంచి రశీదు తీసింది, తిప్పి నా ముందు పెట్టింది, సేటు దుకాణంలో రైతులు పెట్టినట్టే. “ఇది గూడ నర్సింగమే రాసిండా?”

నేను ఆమెను తిట్టుకోలేదా? తిట్టుకున్నాను. ఇప్పుడు కూడా తిట్టుకుంటున్నాను. రీఫండ్ పడ్డ రోజు కలాకంద్ డబ్బా తెచ్చింది ఈమే కదా. నలభై వేలు ఎందుకు పడ్డాయని అప్పుడు అడిగిందా? పడేటప్పుడు నోరు రాని మనుషులు, పోయేటప్పుడు సమాధిలోంచి తల్లిని లేపి తెచ్చారు. ఆమె తర్వాత మిగిలిన పది మంది వచ్చారు, పదిమందీ రశీదులు పట్టుకొచ్చారు, పోయిన నెల కరెంటు బిల్లు దొరకని ఇళ్లలో నా రశీదులు మాత్రం ఇస్త్రీ చేసినట్టు భద్రంగా ఉన్నాయి. పూర్తి అని ఉన్నది, పూర్తి అంటే రీఫండ్ గూడ, వడ్డీ గూడ, అదనం గూడ, అన్నాడు ఒక తెలుగు పంతులు, మాటకు అర్థం చెప్పే హక్కు తనదే అన్నట్టు. వాళ్లు తిన్నదీ నేనే కక్కాలి. ప్రిస్కిల్లా ఒక్కతే, తిన్న నలభై వేలు నేను కట్టుకుంట, మీద పడ్డ వడ్డీ, అదనం నువ్వు కట్టు, అంది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి ఇంకో మాట అంది. “కట్టినవంటే వచ్చేయేడు నా లెక్క మంచిగ, ఉన్నది ఉన్నట్టు నువ్వే రాయి. నర్సింగం గడప మాత్రం తొక్కేది లేదు. నా తోటోళ్లకు గూడ చెప్త.”

ఆ మాట ఆ రాత్రంతా నా చెవిలో జోరీగలా తిరిగింది. ఉన్నది ఉన్నట్టు. ఈ పనిలో అది కూడా ఒక దారి అని నాకు ఎవడూ చెప్పలేదు. మంచితనం గురించి కాదు నేను ఆలోచించింది. లెక్క వేసింది ఒక్కటే: ఈ పదకొండు మందికి నేను కడితే, ఎల్లం కట్టాడు అన్న మాట స్టాఫ్ రూముల్లో తిరుగుతుంది. తిరిగి తిరిగి నర్సింగం దగ్గర మిగిలిన వాళ్ల చెవిన పడుతుంది. జనవరిలో సొంత డబ్బు కట్టుకున్న వాళ్లందరూ అడుగుతారు, అతను కట్టాడు, నువ్వెందుకు కట్టలేదు అని. ఈ ఊళ్లో వాడికి నేను పెట్టగలిగిన మంట అదొక్కటే. కోర్టుకు పోతే నోటుబుక్కు నాది, కుర్చీ నాది. కొడితే వాడి వెనక అల్లుళ్లు, నా వెనక యశోద. కట్టడం ఒక్కటే నా చేతిలో ఉంది, కట్టడానికి భూమి ఒక్కటే ఉంది. ఆ భూమికి బాట లేదు, నర్సింగం వాళ్ల చెలకలోంచే నడిచిపోవాలి, నాగలి పోవాలన్నా బస్తా రావాలన్నా వాళ్లను అడగాలి. బాట లేని భూమిని బయటివాడు ఎవడు కొంటాడు? ఇద్దరు వచ్చి చూశారు, నడుమ ఆగి, ఇక్కడి నుంచి ఎట్లా అన్నారు, చెప్పాను, వెళ్లిపోయారు. నర్సింగానికి అమ్మి, ఆ డబ్బుతోనే నర్సింగం కొంప కూల్చాలి. అలా అనుకున్నప్పుడు కొంచెం హాయిగా ఉంటుంది. మొన్న యశోదకు ఇదంతా చెప్పాను. మనకు ఏడాది బియ్యం గా పొలమే గదా, అంది. అంతే, అప్పటి నుంచి మాట్లాడలేదు.

మెట్ల దగ్గర బండి ఆగిన చప్పుడు. రజని కాదు, నర్సింగం. తెల్లచొక్కా చంకల్లో తడిసి ఉంది, ఎప్పుడూ నిదానంగా నడిచే మనిషి రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. కళ్లద్దాలు ఇవాళ ముక్కు మీదే ఉన్నాయి. వచ్చి బెంచీ మీద, నాకూ గోడకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. అటు చివర యశోద బెంచీతో పాటు పైకి లేచింది.

“రజని ఏది సార్?”

“బ్యాంకు కాడ డీడీ తీస్తుంది, వస్తది. ఎల్లం, జర నిజం చెప్పు. గీ పైసలు ఏం చేస్తవ్?”

“అది మీకెందుకు?”

“ఊరిడిసి పోతున్నవేమో అనుకున్న నేను. పొద్దుగాల చాయ్ బండి కాడ ప్రిస్కిల్లా టీచర్ పది మందిల చెప్పింది. పదకొండు మందికి వాపస్ కడుతున్నవంట. దిమాగ్ ఖరాబైందా నీకు?”

“ఖరాబే సార్.”

“నవ్వులాట కాదు తమ్మీ. నువ్వు కడితే రేపు పొద్దుగాల్ల నూరు మంది వచ్చి నా ఇంటి ముంగట కూసుంటరు. ఇరవై ఐదేండ్ల సంది నడిపిన, ఒక్కనికి రశీదియ్యలే, ఒక్కనికి సంతకం పెట్టలే, ఎవ్వడు అడగలే. నడిమిట్ల నువ్వొచ్చి కొత్త రివాజు పెడుతున్నవ్.” గొంతు తగ్గించాడు. చెయ్యి నా మోకాలి మీద వేశాడు, నేను మోకాలు తీశాను. “ఇను. రిజిస్ట్రేషన్ బంద్ చేద్దాం. భూమి నీకే ఉండనీ. బయానా ఇచ్చిన యాభై వేలు గూడ వాపసియ్యకు, ఉంచుకో. బాట గూడ ఇడుస్త, రాసిస్త. ఆ చిట్టీల మీది సంతకం నీది కాదను. ఎవడు పట్టుకుంటడు? ఒట్టి వంకర గీత గది. నెలొద్దుల్లో అందరు మర్చిపోతరు. మళ్ల జులై వస్తది, మళ్ల నీ కాడికే రావాలె, యాడికి పోతరు?”

బాట. పాతికేళ్లు మా నాన్న అడిగాడు ఆ బాట. ఎడ్లబండి పోయేంత చాలు అన్నాడు, పొలం పనులు అయిపోయాక కూలికి వస్తానన్నాడు, నర్సింగం తండ్రి గడప ముందు నెత్తి రుమాలు తీసి నిలబడ్డాడు. ఇవాళ అది ఈ బెంచీ మీద, ఎవరూ అడగకుండా, నా మోకాలి పక్కన పడి ఉంది. భూమి ఉంటుంది, బాట వస్తుంది, యాభై వేలు మిగులుతుంది. నేను చేయాల్సిందల్లా నా సంతకం నాది కాదనడం. అంత సులువా? అంత సులువే. నర్సింగం అబద్ధం చెప్పడం లేదు, నెల తిరిగితే మర్చిపోతారు, పంతుళ్లకు నెలకో కొత్త గొడవ. నాకు చల్లగా అనిపించింది, ఎండలో బావి అంచున నిలబడ్డప్పుడు అడుగునుంచి వచ్చే చల్లదనం లాంటిది. నర్సింగం ముఖంలోకి చూశాను. చెమట. పాతికేళ్లలో ఆ ముఖం మీద భయం చూసినవాడు మెదక్‌లో ఎవడూ ఉండడు, నేను చూస్తున్నాను, అడుగు దూరంలోంచి చూస్తున్నాను.

“భూమి ఉంటదంటుండు గదయ్యా,” అంది యశోద. రెండు రోజుల తర్వాత మొదటి మాట. చెయ్యి సంచి మీద ఉంది, సంచిలో పాసుపుస్తకం ఎక్కడుందో పైనుంచే తడిమి పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. “బాట గూడ ఇస్తడట. ఒప్పుకోరాదయ్యా.”

“చెల్లె నీకంటె నయం,” అన్నాడు నర్సింగం.

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. చెల్లె అట. బావి చల్లదనం పోయింది. ఒప్పుకుంటే జీవితాంతం నేను ఈ మనిషి బాట మీద నడవాలి. పొలానికి పోతూ, వస్తూ, జులైలో, మార్చిలో, ఎదురుపడ్డప్పుడల్లా ఈ గొంతు నాతో ఇలాగే, ఇంట్లోవాడిలా మాట్లాడుతుంది. నలభై మంది తల్లులకు మళ్లీ రోగాలు రాయాలి. వాడి పేరు కొట్టి తలుపులు తెరవాలి, ఒకటి రెండు మూడు.

“వాళ్లు మీ ఇంటి ముంగట కూసున్న రోజు నేను సూడాలె సార్,” అన్నాను. “గందుకే అమ్ముతున్న.”

నర్సింగం నోరు తెరిచాడు. అప్పుడే రజని వచ్చింది, హెల్మెటు మోచేతికి తగిలించుకుని, దవాఖానా డ్యూటీ చీరలోనే, చేతిలో బ్యాంకు కవరు. నర్సు ఉద్యోగం, పదేళ్ల జీతం దాచి కొంటోంది. తండ్రి ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది.

“బాపూ, మళ్లేం పెట్టినవ్?”

“ఆగు బిడ్డా, ఇయ్యాల వద్దు. మంచిరోజు కాదట.”

“నిన్న నువ్వే చూసినవ్ మంచిరోజు. పైసలు నావి, నువ్వు జర పక్కకు జరుగు.” నా వైపు తిరిగింది. “కాకా, అమ్ముతవా అమ్మవా? ఒకటే మాట చెప్పు. నాకు రెండింటికి డ్యూటీ.”

ఆమె మీద నాకు కోపం తెచ్చుకోవడానికి చూశాను. అదే ముక్కు, అదే నుదురు. కోపం రాలేదు, ఆమె తొందరలో ఉన్నదానిలా నిలబడింది, అంతే.

“అమ్ముత బిడ్డా.”

“రజనీ!” అన్నాడు నర్సింగం. వరండాలో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. రజని వినిపించుకోలేదు, సాక్షులను పిలవడానికి మెట్ల వైపు పోయింది. నేను సంచి కోసం చెయ్యి చాపాను. యశోద వెంటనే వదలలేదు. ఇద్దరం దాన్ని అటొకరు ఇటొకరు పట్టుకుని, చిన్నపిల్లల్లా, కొంచెంసేపు ఉన్నాం. తర్వాత ఆమె రొట్టెల మూట మాత్రం తీసుకుని, పాసుపుస్తకం ఉన్న సంచి వదిలింది.

“నీ పంతానికి నా బియ్యం పోతున్నయ్,” అంది. గట్టిగా అనలేదు. లోపలికి రాలేదు.

పేరు పిలిచారు. లోపల చల్లగా ఉంది, నీలం తెర, కెమెరా, వేలు పెట్టే చిన్న పెట్టె. కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి వేలు సరిగా పెట్టమన్నాడు. విత్తనాల మందుకు నా వేళ్ల గీతలు అరిగిపోయాయి, మూడుసార్లు తుడిచి పెట్టాల్సి వచ్చింది. ఆ మూడుసార్లూ కిటికీలోంచి బయట నర్సింగం కనిపించాడు, ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ, చెయ్యి ఊపుతూ. ఇప్పటి నుంచే మొదలైందా ఫోన్లు? మొదలు కానీ. నాకు సంతోషం కలుగుతుందని అనుకున్నాను, ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు కలుగుతుందని రెండు వారాలుగా దాచుకుని దాచుకుని ఉంచుకున్నాను. నాలుగోసారికి పెట్టె ఆకుపచ్చగా వెలిగింది. తహసీల్దారు కాగితాలు తిప్పి నా వైపు చూశాడు.

“ఇష్టపూర్వకంగనే అమ్ముతున్నవా? ఎవలన్న బలవంతం చేసిన్రా?”

యశోద కిటికీలో కనిపించలేదు. మెట్ల మీద కూర్చుని ఉంటుంది.

“ఎవ్వలు చేయలే సార్.”

“గీ సర్వే నంబరు కాకుండ నీ పేరు మీద ఇంక ఏమన్న మిగుల్తదా?”

“ఏం మిగలది సార్,” అన్నాను. “పద్నాలుగు గుంటలు. ఉన్నదే గంత.”